టస్కీగీ ఉన్న మేకన్ కౌంటీ (అలబామా): పాత చరిత్ర, నేల తీరు

ప్రశ్న అడిగిన పెద్దాయన రాసింది క్లుప్తంగా ఇదీ: వాళ్ళమ్మాయికి టస్కీగీ యూనివర్సిటీలో వెటర్నరీ సీటు వచ్చింది, ఆ ఊరు మేకన్ కౌంటీలో ఉందని తెలిసింది, కానీ నెట్లో "మేకన్" అని కొడితే జార్జియాలోని ఏదో నగరం వస్తోంది, అసలీ కౌంటీ ఎలా పుట్టింది, నేల ఎలా ఉంటుంది, తెలిసినవాళ్ళు చెప్పండి అని.

నేను ఆ పక్క కౌంటీలో పదకొండేళ్ళు ఉన్నానండీ, పని మట్టి పరీక్షలు. అగర్ (నేలలోకి దింపి మట్టి నమూనా తీసే పరికరం) పట్టుకుని మేకన్ కౌంటీ పొలాల్లో తిరగని మూల దాదాపు లేదు. అందుకని చరిత్ర అడిగినా మట్టి నుంచే మొదలుపెడతాను, ఏమీ అనుకోకండి. అక్కడ ఈ రెండూ వేరు కావు కూడా.

ముందు పేరు గొడవ తేల్చేద్దాం. జార్జియాలో మేకన్ అనే నగరం ఉంది, అది బిబ్ కౌంటీలో ఉంది. అదే జార్జియాలో మేకన్ కౌంటీ అని ఇంకొకటి వేరే ఉంది. ఇవి చాలవన్నట్టు నార్త్ కరొలైనా, టెనెసీ, ఇల్లినాయ్, మిస్సోరీల్లో కూడా మేకన్ కౌంటీలున్నాయి. అన్నిటికీ మూలం ఒకే మనిషి, నథానియెల్ మేకన్ అనే నార్త్ కరొలైనా నాయకుడు, 1801 నుంచి 1807 దాకా ప్రతినిధుల సభ స్పీకర్, ఆ తర్వాత సెనేటర్. మన దగ్గర గాంధీనగర్లు, నెహ్రూనగర్లు ఉన్నట్టే అనుకోండి. కాబట్టి వెతికేటప్పుడు "మేకన్ కౌంటీ, అలబామా" అని పూర్తిగా కొట్టండి, లేకపోతే అమ్మాయికి వేరే ఊరి వాతావరణం చూసి స్వెటర్లు కొనేస్తారు.

కౌంటీ అంటే మన జిల్లా అని అందరూ అంటారు గానీ సైజులో మన పాత తాలూకా అంతే. మేకన్ కౌంటీ సుమారు 610 చదరపు మైళ్ళు, 2020 లెక్కల్లో జనం 19,532. అంటే ఒక మోస్తరు మేజర్ పంచాయతీ జనం, తాలూకా అంత నేల మీద పరుచుకుని ఉన్నారన్నమాట. కౌంటీ ముఖ్యపట్టణం టస్కీగీ. మిగతావి నోటసల్గ, షార్టర్, ఫ్రాంక్లిన్ లాంటి చిన్న ఊళ్ళు.

ఇక నేల. ఉత్తరం నుంచి దక్షిణానికి కారులో ఒక గంట ప్రయాణంలో మూడు రకాల భూములు దాటతారు. పైన నోటసల్గ వైపు పీడ్‌మాంట్ అనే కొండపాదపు భూమి అంచు, పాత గట్టిరాయి అరిగి ఏర్పడిన ఎర్రమట్టి, చూస్తే మన చెలక నేల గుర్తొస్తుంది. మధ్యలో ఇసుక గుట్టలు, పైన్ చెట్లు. టస్కీగీ ఊరు ఈ ఎత్తు మీదే ఉంది. దక్షిణాన ప్రెయిరీ, అంటే చెట్లు తక్కువున్న గడ్డినేల, అక్కడిది నల్లమట్టి. ఎర్రనేలకీ ఇసుకనేలకీ మధ్య సరిహద్దును అక్కడ ఫాల్ లైన్ అంటారు, నదులు గట్టిరాయి మీద నుంచి మెత్తని నేలలోకి దిగే గీత అది. కౌంటీకి వాయవ్యాన సరిహద్దుగా పారే టాలపూసా నది కాస్త ఎగువన టాలస్సీ దగ్గర రాళ్ళ మీద నుంచి కిందికి దూకుతుంది. అక్కడి నుంచి పైకి పడవ వెళ్ళదు. ఆ నీటి బలం చూసే 1840ల్లో అక్కడ నూలు మిల్లు పెట్టారు.

ఆ నల్లమట్టి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళకి వెంటనే అర్థమయ్యేది అదే. మొదటిసారి ఒక వానాకాలం రోజు ప్రెయిరీ పొలంలో అగర్ దింపాను. రెండడుగులు దిగిందో లేదో పైకి రాదు. ఇద్దరం పట్టి లాగితే మట్టి ముద్ద జిగురులా సాగుతూ వచ్చింది, నా ఎడమ బూటు మాత్రం అక్కడే ఉండిపోయింది. నాతో వచ్చిన ఆయన నవ్వుతుంటే నేను లోపల "ఇది రేగడి కదరా" అనుకున్నాను. నిజంగానే రేగడి లాంటిదే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది, ఆ బంకమట్టి జాతి రెండుచోట్లా ఒకటే. కాకపోతే పుట్టుక వేరు. మన ఆదిలాబాద్, వికారాబాద్ వైపు రేగడి అగ్నిపర్వతపు లావా, అంటే బసాల్ట్ అరిగి వచ్చింది. అక్కడిది సుద్దరాయి మీద పుట్టింది. క్రెటేషియస్ కాలంలో, డైనోసార్లున్న రోజుల్లో, అక్కడిదాకా సముద్రం ఉండేది, దాని అడుగున పేరుకున్న సున్నపు పొరే ఆ సుద్ద. అగర్ తీస్తే పైన నలుపు, కింద బూడిదరంగు, ఆ కింద తెల్లని సుద్ద, మూడూ వరసగా కనిపిస్తాయి.

ఈ సుద్ద నీళ్ళని కిందికి దిగనివ్వదు. మొదట్లో వచ్చిన వలసదార్లకి అక్కడ మామూలు బావి తవ్వితే నీళ్ళు పడేవి కావు, వానొస్తే దారిలో బండి కదిలేది కాదు, చెట్లు తక్కువ కాబట్టి ఇది సారం లేని నేల అని చాలామంది వదిలేసి ముందుకు పోయారు కూడా. లోతు బోర్లు వేయడం వచ్చాకే, పత్తి అక్కడ ఎంత బాగా వస్తుందో తెలిశాకే ఎగబడ్డారు. ఈ రోజుకీ ప్రెయిరీ వైపు ఇల్లు కొనేవాళ్ళకి పెద్ద తలనొప్పి సెప్టిక్ ట్యాంకే, నీళ్ళు ఇంకవు. మీ అమ్మాయి అద్దె ఇల్లు ఆ వైపు చూస్తుంటే ఈ ఒక్క మాట అడగమనండి.

అలబామా, మిసిసిపీల గుండా వంకరగా పోయే ఈ నల్లమట్టి పట్టీనే బ్లాక్ బెల్ట్ అంటారు. ఆ పేరు మొదట మట్టి రంగుని బట్టే వచ్చింది, తర్వాత అక్కడి జనాన్ని బట్టి కూడా వాడటం మొదలైంది. ఆ రెండో అర్థం ఎలా వచ్చిందో కింద చెబుతాను.

తెల్లవాళ్ళు రాకముందు ఇది మస్కోగీల దేశం, ఇంగ్లీషువాళ్ళు క్రీకులు అన్నది వీళ్ళనే. వీళ్ళని గుడారాల్లో తిరిగే జనంగా ఊహించుకోకండి, సినిమాల ప్రభావం అది. వీళ్ళవి స్థిరమైన ఊళ్ళు, ఊరిని తల్వా అంటారు, మధ్యలో చతురస్రంగా సభాస్థలం, చుట్టూ ఇళ్ళు, నది ఒడ్డున ఒండ్రు నేలలో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి. ప్రెయిరీని పెద్దగా దున్నలేదు. వేటకి వాడుకున్నారు. నన్నడిగితే ఆ నేల గుణం వాళ్ళకి తెలిసినట్టు తర్వాత వచ్చినవాళ్ళకి చాలాకాలం తెలియలేదు. వాళ్ళు వెళ్ళిపోయినా వాళ్ళ భాష మాత్రం వాగుల పేర్లలో మిగిలింది. యుఫాపీ, కలీబీ, క్యుబహాచీ, ఓపింట్లాకో. "హాచీ" అంటే వాగు. "లాకో" అంటే పెద్ద. ఓపింట్లాకో అంటే పెద్ద చిత్తడి. ఇప్పటికీ అక్కడ నిజంగానే చిత్తడి. టస్కీగీ కూడా వాళ్ళ ఊరిపేరే, యోధులు అనే అర్థం చెబుతారు. ఫ్లారిడాలో సెమినోల్‌ల పక్షాన అమెరికా సైన్యంతో పోరాడిన ఒస్సియోలా 1804 ప్రాంతంలో పుట్టింది కూడా ఈ టాలపూసా పరిసరాల్లోనే.

ఇక దారి కథ. 1805 ఒప్పందంలో క్రీకులు తమ భూమి గుండా ఒక గుర్రపు బాటకి ఒప్పుకున్నారు, టపా పోవడానికి. 1811లో దాన్ని వెడల్పు చేసి సైనిక రహదారి చేసేశారు, ఫెడరల్ రోడ్ అంటే అదే. టపా కోసమని ఒప్పుకున్న బాట మీద ఫిరంగులు, ఆ వెనకే వలస బళ్ళు. రోడ్డు వెడల్పు చేస్తామంటే మన ఊళ్ళలో పక్క పొలాలవాళ్ళకి ఎందుకు గుండె దడ పుడుతుందో ఇది చదివితే తెలుస్తుంది. ఆ దారి పక్కన పూటకూళ్ళ ఇళ్ళు నడిపినవాళ్ళలో క్రీకు పెద్దల అల్లుళ్ళు, భాగస్వాములు ఉండేవారు, అంటే ఆ వలస వల్ల కొంతమంది సంపాదించుకున్నారు కూడా. 1825లో ఫ్రెంచి సేనాని లఫాయెట్ ఈ దారినే మాంట్‌గోమరీకి వెళ్ళాడు. ఇప్పుడు అట్లాంటా నుంచి మాంట్‌గోమరీకి పోయే ఇంటర్‌స్టేట్ 85 ఈ కౌంటీలో అటూఇటుగా ఆ వైపే సాగుతుంది.

రోడ్డుతో పాటే చీలిక వచ్చింది. తెల్లవాళ్ళతో సర్దుకుపోదామన్న క్రీకులు ఒక పక్క, వద్దు అని ఎదురుతిరిగిన రెడ్ స్టిక్స్ ఒక పక్క. 1813లో ఇది యుద్ధమైంది. మేకన్ కౌంటీ నేల మీద రెండు పెద్ద పోరాటాలు జరిగాయి. 1813 నవంబర్ 29న జనరల్ జాన్ ఫ్లాయిడ్ దాదాపు 950 మంది జార్జియా మిలీషియా (పౌరసేన), ఇంకా విలియం మెకింటాష్ లాంటి పెద్దల కింద నడిచిన మిత్ర క్రీకులతో టాలపూసా ఒడ్డున ఉన్న ఆటోసీ అనే ఊరి మీద పడ్డాడు. సుమారు రెండు వందల మంది క్రీకులు చనిపోయారు, కాల్చేసిన ఇళ్ళు నాలుగు వందలు ఉంటాయని ఫ్లాయిడే లెక్క చెప్పాడు. చలికాలం మొదట్లో ఇళ్ళూ, గాదెల్లో గింజలూ తగలబెట్టడం అంటే మిగిలినవాళ్ళని కూడా చంపడమే. రెండోది 1814 జనవరి 27, కలీబీ వాగు దగ్గర. ఈసారి తెల్లవారకముందే రెడ్ స్టిక్సే ఫ్లాయిడ్ విడిది మీద విరుచుకుపడ్డారు. ముందు వరసలో చిక్కుకుపోయిన ఒక మిలీషియా దళాన్ని టింపూచీ బార్నార్డ్ నాయకత్వంలోని యూచీ తెగవాళ్ళు దారి చేసి బయటికి తెచ్చారు. ఫ్లాయిడ్ గెలిచానన్నాడు గానీ ఆయన వైపే వంద మందికి పైగా గాయపడ్డారు, ముందుకు పోలేక ఫోర్ట్ హల్ అనే కోటకి వెనక్కి వచ్చి అట్నుంచటు జార్జియాకి మళ్ళాడు. ఆ వాగు గట్టున చాలాసార్లు నిలబడ్డాను. ఇప్పుడక్కడ చెట్లు, దోమలు తప్ప చూడ్డానికి ఏమీ ఉండదు.

యుద్ధం చివర 1814 ఆగస్టులో ఫోర్ట్ జాక్సన్ ఒప్పందంలో క్రీకుల దగ్గర 2 కోట్ల 30 లక్షల ఎకరాలు తీసుకున్నారు. ఎదురుతిరిగినవాళ్ళ భూమే కాదు, అమెరికా తరఫున పోరాడిన క్రీకుల భూమి కూడా. కొత్త సరిహద్దు కొలవడానికి వచ్చినవాళ్ళలో జాన్ సెవియర్ ఒకడు, టెనెసీ మొదటి గవర్నర్. ఆయన 1815 సెప్టెంబర్ 24న ఈ కౌంటీలోనే, టాలపూసా ఒడ్డున ఫోర్ట్ డెకేటర్ దగ్గర జబ్బుచేసి చనిపోయాడు. అక్కడే పాతిపెట్టారు. 1889లో గానీ టెనెసీవాళ్ళు వచ్చి అస్థికలు తవ్వి నాక్స్‌విల్ తీసుకుపోలేదు.

ఇప్పటి మేకన్ కౌంటీలో ఎక్కువ భాగం ఆ తర్వాత కూడా ఇంకో పద్దెనిమిదేళ్ళు క్రీకుల చేతిలోనే ఉంది. 1832 మార్చి 24న కుసేటా ఒప్పందం జరిగింది, దాని షరతులు కాస్త నిదానంగా చదవండి. మిసిసిపీకి తూర్పున ఉన్న భూమంతా క్రీకు జాతి అమెరికాకి వదిలేసుకుంటుంది. బదులుగా 90 మంది పెద్దలకి తలా 640 ఎకరాలు, మిగతా ఒక్కో కుటుంబ యజమానికి 320 ఎకరాలు, ఉంటే ఉండొచ్చు, అమ్ముకుంటే అమ్ముకోవచ్చు. పైకి బాగానే ఉంది కదా? అప్పటిదాకా ఊరుమ్మడిగా ఉన్న భూమి ఒక్కసారిగా వ్యక్తుల పేర్ల మీదకి వచ్చింది, భాష రాదు, కాగితం చదవలేరు, చుట్టూ సారా, అప్పులు, భూముల దళారులు. ఒకడి భూమికి ఇంకొకణ్ణి తెచ్చి "నేనే వాణ్ణి" అనిపించి ఇంటూ గుర్తు పెట్టించుకున్న కేసులు కోకొల్లలు. మన రిజిస్ట్రేషన్ ఆఫీసుల ముందు మనిషిని మార్చి వేలిముద్ర వేయించడం చూసినవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. 1836లో ఆకలికి తాళలేక కొందరు తిరగబడ్డారు. అదే సాకుగా తిరగబడినవాళ్ళనీ, పడనివాళ్ళనీ కలిపి వేలాదిమందిని ఇప్పటి ఓక్లహోమాకి తరలించేశారు. కొందర్ని సంకెళ్ళతో నడిపించారు.

అసలు తమాషా ఏమిటంటే ఇంకా వాళ్ళు అక్కడ ఉండగానే కౌంటీ పుట్టేసింది. 1832 డిసెంబర్ 18న అలబామా శాసనసభ ఒకేరోజు క్రీకు భూముల్లోంచి వరసబెట్టి కౌంటీలు గీసింది, మేకన్ వాటిలో ఒకటి. ఒప్పందం మీద సిరా ఆరి తొమ్మిది నెలలు కూడా కాలేదు. టస్కీగీ ఊరి స్థలం ఎంచింది థామస్ సింప్సన్ వుడ్‌వర్డ్ అనే ఆయన, క్రీకు యుద్ధంలో పనిచేసినవాడు. 1833లో ఊరు కట్టడం మొదలైంది.

కొలతల సంగతి కూడా చెప్పాలి, నాకు ఇష్టమైన విషయం ఇది. అక్కడ భూమి మొత్తాన్నీ ఆరు మైళ్ళకి ఆరు మైళ్ళ చదరాలుగా గీశారు, దాన్ని టౌన్‌షిప్ అంటారు. ఒక్కో దాంట్లో 36 సెక్షన్లు, సెక్షన్‌కి 640 ఎకరాలు. పైన 90 మంది పెద్దలకి 640, కుటుంబానికి 320 అని ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసిందా? ఒక సెక్షన్, అర సెక్షన్. సెక్షన్‌ని నాలుగు చేస్తే 160, దాన్ని మళ్ళీ నాలుగు చేస్తే 40. అక్కడి దస్తావేజుల్లో "ఫలానా సెక్షన్‌లో వాయవ్య పావులో ఆగ్నేయ పావు" అని ఉంటుంది, అంటే 40 ఎకరాలు. మన సర్వే నంబర్లు గట్లని బట్టి, వాగుల్ని బట్టి వంకర్లు తిరుగుతాయి, వాళ్ళవి వాగు మధ్యలోంచి కూడా తిన్నగా గీత కొట్టేస్తాయి. కొలవడానికి సుఖమే. కానీ ఒకే నలభైలో సగం ఇసుక, సగం బంక వస్తే సేద్యం చేసేవాడి పాట్లు నేను చూశాను.

భూమి చేతికొచ్చాక పత్తి వచ్చింది. పత్తికి కూలీ కావాలి, ఆ కూలీని జార్జియా, కరొలైనా, వర్జీనియాల నుంచి గొలుసులతో నడిపించి తెచ్చారు, చాలావరకు ఆ ఫెడరల్ రోడ్ మీదుగానే. 1860 జనాభా లెక్కల్లో కౌంటీలో దాదాపు 26,800 మంది ఉంటే అందులో 18 వేల పైచిలుకు బానిసలు. ముగ్గురిలో ఇద్దరు! ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక జాతిని ఖాళీ చేయించి ఇంకో జాతిని బలవంతంగా దింపారు. బ్లాక్ బెల్ట్ అన్న మాటకి రెండో అర్థం ఇక్కడి నుంచే.

పాత రికార్డులు వెతికేవాళ్ళకి ఒక హెచ్చరిక. 1866లో మేకన్ కౌంటీని కోసి ఉత్తరపు ముక్కని కొత్త లీ కౌంటీలో, దక్షిణపు ముక్కని కొత్త బులక్ కౌంటీలో కలిపారు. ఇప్పుడు యూనివర్సిటీతో పేరుపడ్డ ఆబర్న్ అప్పటిదాకా మేకన్ కౌంటీ ఊరే, బులక్ ముఖ్యపట్టణం యూనియన్ స్ప్రింగ్స్ కూడా అంతే. అందుకని 1860 అంకెలు, 1870 అంకెలు పక్కపక్కన పెట్టి "సగం జనం ఏమైపోయారు" అని కంగారుపడొద్దు. మన దగ్గర జిల్లాలు విడదీశాక పాత లెక్కలతో పోల్చి బోల్తాపడేది ఇలాగే.

రైలు టస్కీగీకి రాలేదు. మాంట్‌గోమరీ నుంచి జార్జియాలోని వెస్ట్ పాయింట్ పోయే లైను ఊరికి అయిదారు మైళ్ళ దూరంలో చీహా అనే చోటు మీదుగా వెళ్ళింది, అక్కడి నుంచి ఊళ్ళోకి ఒక చిన్న లైను విడిగా వేసుకోవాల్సి వచ్చింది. అంతర్యుద్ధంలో 1864 జులైలో ఉత్తరాది గుర్రపుదళం ఆ పట్టాలు పీకడానికి వచ్చినప్పుడు చీహా దగ్గర ఒక చిన్న పోరు జరిగింది.

బానిసత్వం పోయింది గానీ భూమి చేతులు మారలేదు. మన భాషలో కోరుకి చేయడం లాంటి పద్ధతి వచ్చింది, పంటలో సగం భూస్వామికి, మిగతా సగం కొట్టువాడి అప్పుకి. ఏడాదికేడాది పత్తి మీద పత్తి వేసి మధ్యలో ఉన్న ఇసుకగుట్టల నేలని పిండేశారు, పైమట్టి కొట్టుకుపోయి మనిషి లోతు గండ్లు పడ్డాయి. 1881లో నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ బడి (ఇప్పటి టస్కీగీ యూనివర్సిటీ) పెట్టడానికి వచ్చింది ఇలాంటి చోటికి. ఆ బడి కావాలని పట్టుబట్టినవాళ్ళలో ముఖ్యుడు లూయిస్ ఆడమ్స్, ఒకప్పటి బానిస, రేకుపని చేసేవాడు. రాష్ట్రం ఏడాదికి 2,000 డాలర్లిచ్చింది, అదీ జీతాలకే. పాడుబడ్డ ఒక తోట కొని, కట్టడాలకి డబ్బుల్లేక పిల్లలతో అక్కడి బంకమట్టి తవ్వించి ఇటుకలు కాల్చారు. మూడు ఇటుక బట్టీలు వరసగా పాడయ్యాయి. నాలుగో దానికి వాషింగ్టన్ తన గడియారం తాకట్టుపెట్టి పదిహేను డాలర్లు తెచ్చాడు, ఈసారి ఇటుక కుదిరింది. మీ అమ్మాయి క్యాంపస్‌లో పాత ఎర్ర భవనాలు చూస్తుంది కదా, వాటి గోడల మీద చెయ్యి వేసి చూడమనండి, విద్యార్థులు చేసిన ఇటుక అది. 1896లో ఈ బడికి వచ్చిన వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ చేసిందీ మట్టిపనే, అలసిన నేలకి అలసంద, వేరుశనగ, చిలగడదుంప వేసి ప్రాణం పోయండి అని చెప్పడం, 1906 నుంచి బండి కట్టి రైతు దగ్గరికే పంపించడం.

ఆ పాడైన భూముల్లో కొన్నిటిని 1930ల్లో ప్రభుత్వం కొని చెట్లు పెంచింది. అదే ఇప్పటి టస్కీగీ నేషనల్ ఫారెస్ట్, సుమారు 11 వేల ఎకరాలు, దేశంలోని నేషనల్ ఫారెస్టులన్నిటిలో చిన్నది. లోపలికి నడిస్తే పైన్ చెట్ల మధ్య పాత పత్తి చాళ్ళ కట్టలు, పూడిపోయిన గండ్లు ఇంకా కనిపిస్తాయి.

"తొలి చరిత్ర" అని అడిగారు కాబట్టి 1932 నుంచి నలభై ఏళ్ళు నడిచిన సిఫిలిస్ అధ్యయనం, యుద్ధకాలపు నల్లజాతి పైలట్ల జోలికి పోవడం లేదు, అవి ఒక్కోటీ విడిగా రాయాల్సినవి. ఒక్క భూగోళం ముచ్చట మాత్రం ఆపుకోలేను: 1957లో నల్లవాళ్ళ ఓట్లు ఊరి బయటికి పోవాలని చదరంగా ఉన్న టస్కీగీ పట్టణ సరిహద్దుని 28 భుజాల వింత ఆకారంగా గీశారు. 1960లో సుప్రీంకోర్టు కుదరదంది.

అమ్మాయి చేరాక ఒక ఆదివారం నోటసల్గ నుంచి స్టేట్ రూట్ 81 మీద టస్కీగీకి, అక్కడి నుంచి 29 మీద యూనియన్ స్ప్రింగ్స్ వైపు వెళ్ళిరమ్మనండి. ఎర్ర, ఇసుక, నలుపు వరసగా రోడ్డు పక్క కోతల్లోనే కనిపిస్తాయి. ముందు రోజు వాన పడి ఉంటే మాత్రం మూడో చోట కారు దిగొద్దనండి.